బ్లాంకెట్ డిఫెన్స్ గేలిక్ ఫుట్‌బాల్‌ను పాడు చేసిందా? కెర్రీ, టిరోన్ వాదన మీద నా సమాధానం

కొత్తగా చదివేవాళ్ల కోసం ప్రశ్న ఏమిటో ముందు రెండు ముక్కల్లో చెబుతాను. అడిగినవారు డబ్లిన్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నారు. టీమ్‌లో ఒకాయనది కెర్రీ కౌంటీ, ఇంకొకాయనది టిరోన్ కౌంటీ. ఐర్లాండ్ సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్ మాట వస్తే చాలు, ఇద్దరికీ పడదు. "అందరినీ గోల్ ముందు గోడలా నిలబెట్టి ఆటను చంపింది మీరే" అని కెర్రీ ఆయన అంటాడు. ఆ గోడనే బ్లాంకెట్ డిఫెన్స్ అంటారు. "ఓడిపోయినప్పుడల్లా మీకు సంప్రదాయం గుర్తొస్తుంది" అని టిరోన్ ఆయన అంటాడు. ఎవరు కరెక్ట్, ఇంత చిన్న విషయానికి అంత ఆవేశం ఎందుకు అన్నది ప్రశ్న.

నేను ఐర్లాండ్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. పిల్లలు ఇక్కడి క్లబ్‌లో చేరాక నేనూ చిన్న పిల్లల జట్లకు కోచింగ్‌లో సాయం చేయడం మొదలుపెట్టాను. ఈ వాదనను మైదానం పక్కన, పబ్బులో, కారులో, పెళ్లి విందులో కూడా విన్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. టిరోన్ ఏ తప్పూ చేయలేదు. అప్పటి రూల్స్‌తో ఒక చిన్న కౌంటీ గెలవాలంటే అదే తెలివైన దారి. కానీ కెర్రీ వాళ్ల బాధ కూడా ఉత్తుత్తిది కాదు, 2024 వచ్చేసరికి ఆట నిజంగానే చూడటానికి కష్టంగా తయారైంది. ఆటగాళ్లను తిడితే అది బాగుపడదు, రూల్స్ మార్చితేనే బాగుపడుతుంది. 2025లో అదే చేశారు.

ఇదంతా అర్థం కావాలంటే ముందు రూల్స్ తెలియాలి. జట్టుకు 15 మంది. సంప్రదాయం ప్రకారం గోల్‌కీపర్, ఆరుగురు బ్యాక్స్, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, ఆరుగురు ఫార్వర్డ్స్. ప్రతి బ్యాక్‌కూ ఎదురుగా ఒక ఫార్వర్డ్. బంతిని గోల్ పోస్టుల మధ్య బార్ పైనుంచి పంపితే మామూలుగా ఒక పాయింట్, కింద వలలోకి కొడితే గోల్, అంటే మూడు పాయింట్లు. అందుకే స్కోరును 1-26 అని రాస్తారు: ఒక గోల్, 26 పాయింట్లు, మొత్తం 29. బంతిని చేతిలో పట్టుకుని నాలుగు అడుగులు వేయవచ్చు, ఆ తర్వాత నేలకు కొట్టి పట్టుకోవాలి, లేదా సోలో చేయాలి, అంటే కాలి వేళ్లతో తన్ని మళ్లీ చేతిలోకి తెచ్చుకోవాలి. తోటి ఆటగాడికి బంతిని కాలితో తన్ని ఇవ్వవచ్చు, చేత్తో కొట్టి ఇవ్వవచ్చు. రెండోదాన్నే హ్యాండ్‌పాస్ అంటారు.

ఇక్కడ రెండు విషయాలు పట్టుకోండి, మిగతా కథంతా వీటిలోంచే పుట్టింది. ఒకటి, సాకర్‌లో ఉన్నట్టు ఈ ఆటలో ఆఫ్‌సైడ్ లైన్ లేదు. 2025కు ముందు ఎంతమంది ఎక్కడైనా నిలబడగలిగేవారు. ఫార్వర్డ్ అని పేరున్నవాడు సొంత గోల్ ముందుకు వచ్చి నిలబడినా అడిగేవాళ్లు ఉండేవారు కాదు. రెండు, ట్యాకిల్. రగ్బీలోలా మనిషిని పట్టుకుని పడేయడానికి వీల్లేదు. భుజానికి భుజం తగిలించవచ్చు, అరచేత్తో బంతిని కొట్టవచ్చు, అంతే. ఖాళీ మైదానంలో మంచి ఫార్వర్డ్‌తో ఒక్క డిఫెండర్ ఒంటరిగా తలపడితే ఓడిపోవడం దాదాపు ఖాయం. అదే ముగ్గురు చుట్టుముడితే? అతనికి బౌన్స్ చేయడానికి చోటుండదు, సోలో చేయడానికి చోటుండదు. నాలుగు అడుగులు దాటిపోతాయి, రిఫరీ విజిల్ ఊదుతాడు, ఫ్రీ కిక్ డిఫెండర్ల జట్టుకు వస్తుంది. ఒంటరిగా ట్యాకిల్ చేయడం కష్టమైన ఆటలో గుంపుగా వెళ్లడం లాభమని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు కనిపెట్టక మానరు.

ఇంకో సంగతి మనవాళ్లకు తరచుగా తెలియదు. ఈ ఆటలో జీతాలు లేవు, వేలంపాట లేదు. కౌంటీకి ఆడేవాళ్లు టీచర్లు, రైతులు, ఇంజినీర్లు, స్టూడెంట్లు. మామూలుగా ఎవరి క్లబ్ ఏ కౌంటీలో ఉంటే ఆ కౌంటీకే ఆడతారు. తరానికి ఒక గొప్ప ఫార్వర్డ్ పుట్టే కౌంటీ పక్క కౌంటీ నుంచి ఇంకో ఇద్దరిని కొనుక్కోలేదు. ఉన్నవాళ్లతోనే ఆడాలి. మనుషుల్లో లేనిదాన్ని పద్ధతిలో వెతుక్కోవాలి. కెర్రీలో ఫార్వర్డ్స్ తరం వెంట తరం పుడుతూనే ఉంటారు. కౌంటీల మధ్య ఏటా జరిగే దేశ చాంపియన్‌షిప్ ఆల్ ఐర్లాండ్. 2025 సీజన్ నాటికి ఆ సీనియర్ టైటిళ్లు వాళ్లకు 39 ఉన్నాయి, డబ్లిన్‌కు 31, ఆ తర్వాతివాళ్లంతా చాలా దూరంలో ఉన్నారు. మనిషికి మనిషి ఎదురుగా నిలబడి తేల్చుకుందాం అనే పద్ధతి ఎవరికి అనుకూలమో ఈ అంకెలే చెబుతాయి. టిరోన్ ఆయన మనసులో ఉన్న అసలు వాదన ఇదే, చాలాసార్లు ఆయన దీన్ని సరిగ్గా చెప్పలేకపోతున్నాడు, అంతే.

ఇప్పుడు 2003కు వద్దాం, గొడవ మొదలైంది అక్కడే. ఆల్ ఐర్లాండ్ సెమీ ఫైనల్, డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియం. అప్పటికి కెర్రీకి 32 టైటిళ్లు, టిరోన్‌కు సున్నా. టిరోన్ మేనేజర్ మికీ హార్ట్. కెర్రీ ఆటగాడు బంతి పట్టుకున్న ప్రతిసారీ చుట్టూ నలుగురైదుగురు తెల్ల జెర్సీలవాళ్లు, అందులో సగం మంది ఫార్వర్డ్సే. 70 నిమిషాల్లో కెర్రీ చేసింది 6 పాయింట్లు. టిరోన్ 0-13తో గెలిచింది. కెర్రీ తరఫున ఎనిమిది ఆల్ ఐర్లాండ్ పతకాలు గెలిచిన పాట్ స్పిలేన్ టీవీలో ఆ ఆటను వాంతి ఫుట్‌బాల్ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ పోలేదు.

టిరోన్ వాళ్లకు అది ఎందుకంత గుచ్చుకుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. టిరోన్, ఆర్మా, డౌన్ కౌంటీలు ఉత్తర ఐర్లాండ్‌లో ఉన్నాయి, దేశ విభజన తర్వాత బ్రిటన్ కింద ఉండిపోయిన భాగం అది. అక్కడ గేలిక్ ఆటలు ఆడటమంటే మేమూ ఐరిషే అని చెప్పుకోవడం. అక్కడి రాజకీయ ఘర్షణల ఏళ్లలో ఆర్మాలోని క్రాస్‌మగ్లెన్ క్లబ్ మైదానంలో కొంత భాగాన్ని బ్రిటిష్ సైన్యం ఆక్రమించుకుని కూర్చుంది. అలాంటి పరిస్థితుల్లో ఆటను బతికించుకున్నవాళ్లు వీళ్లు. మొదటి టైటిల్‌కు వెళ్లే దారిలో దేశంలోకెల్లా గొప్ప జట్టును ఓడిస్తే, దక్షిణాది టీవీ స్టూడియోలోంచి "మీరు ఆడేది అసలు ఆటే కాదు" అనిపించుకోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆటతీరు మీద విమర్శ అనుకుని స్పిలేన్ అన్నాడు. మీరు మాలో ఒకరు కాదు అన్నట్టు వాళ్లకు వినిపించింది. అందుకే మీ ఆఫీసులో ఆ మాటను మాత్రం సరదాకి కూడా వాడకండి.

పైగా టిరోన్‌ను గోడ కట్టిన జట్టుగా మాత్రమే చూడటం అన్యాయం. అదే ఏడాది ఫైనల్లో ఆర్మా మీద 0-12, 0-9తో గెలిచినప్పుడు అందరికీ గుర్తుండేది చివర్లో కోనర్ గోర్మ్‌లీ ఒంటరిగా దూకి స్టీవెన్ మెక్‌డొనెల్ షాట్‌ను అడ్డుకోవడం. అది డిఫెండింగే, కానీ గుంపు పని కాదు, ఒక్క మనిషి ధైర్యం. 2005 ఫైనల్లో అదే కెర్రీ మీద 1-16 కొట్టారు, పీటర్ కానవన్ గోల్‌తో సహా. 2008లో మళ్లీ కెర్రీ మీదే ఫైనల్ గెలిచారు. మూడు ఫైనళ్లు గెలిచిన జట్టులో దాడి లేదంటే ఎలా?

కెర్రీ ఆయన అనే సంప్రదాయం సంగతి. ఆయన మనసులో ఉన్న బొమ్మ ఇది: గోల్‌కీపర్ బంతిని ఎత్తుగా దూరం తంతాడు, మిడ్‌ఫీల్డ్‌లో ఇద్దరు గాల్లోకి ఎగిరి పోటీ పడతారు, ఒకడు తల మీదుగా రెండు చేతులతో అందుకుంటాడు, దిగీ దిగగానే ముందుకు పొడవుగా తంతాడు, అక్కడ ఫార్వర్డ్, బ్యాక్ ఒకరితో ఒకరు తేల్చుకుంటారు. మిక్ ఓకానెల్ లాంటివాళ్లు బంతిని గాల్లో అందుకోవడం గురించి కెర్రీ పెద్దవాళ్లు ఇప్పటికీ కళ్లు మెరుస్తూ చెబుతారు. నేనూ ఆ క్యాచ్‌లను ఇష్టపడతాను, మాటవరసకు అనడం లేదు. 82,000 మంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టి లేచే క్షణం ఈ ఆటలో ఏదైనా ఉందంటే అదే.

కానీ ఆ సంప్రదాయం రాతి మీద చెక్కినది కాదు. 1946లోనే ఆంట్రిమ్ అనే ఉత్తరాది కౌంటీ వేగమైన హ్యాండ్‌పాసింగ్‌తో ఆల్ ఐర్లాండ్ సెమీ ఫైనల్ దాకా వచ్చి కెర్రీని కంగారు పెట్టింది. కెర్రీ గెలిచింది, అయితే ఫౌల్స్‌తోనే ఆపగలిగిందని ఆంట్రిమ్ వాళ్లు ఫిర్యాదు కూడా చేశారు. ఆ తర్వాత కొంతకాలానికి హ్యాండ్‌పాస్‌ను నిషేధించారు, 1970లలో తిరిగి తెచ్చారు. తిరిగి రాగానే దాన్ని అందరికంటే బాగా వాడుకున్నవాళ్లలో మిక్ ఓడ్వయర్ మేనేజర్‌గా ఉన్న కెర్రీ జట్టు ఒకటి. 1975 నుంచి 1986 వరకు ఎనిమిది టైటిళ్లు గెలిచిన ఆ జట్టును ఇప్పుడు సంప్రదాయానికి ప్రతీక అంటున్నారు. ఫిట్‌నెస్, పరుగు, చేతి పాసులతో వాళ్లు అప్పటి ఆటను తలకిందులు చేశారు. ఆంట్రిమ్ చేసినది తప్పై, ఓడ్వయర్ చేసినది సంప్రదాయం ఎలా అయింది? కెర్రీ ఆయన్ను ఈ ప్రశ్న మర్యాదగా అడగండి.

బ్లాంకెట్ పూర్తి రూపం చూడాలంటే 2011 సెమీ ఫైనల్ చూడాలి, డబ్లిన్, డొనెగాల్ మధ్య. డొనెగాల్ మేనేజర్ జిమ్ మెక్‌గిన్నెస్. హాఫ్ టైమ్‌కు డొనెగాల్ 0-4, డబ్లిన్ 0-2. చివరికి డబ్లిన్ 0-8తో 0-6కు గెలిచింది. బంతి డబ్లిన్ చేతికి చిక్కగానే ఒకరిద్దరు తప్ప డొనెగాల్ వాళ్లంతా సొంత సగంలోకి పరిగెత్తారు. ఆ మ్యాచ్ చూసి దేశమంతా తిట్టింది. నాకు కూడా అది చూడటం కష్టమే, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

అయితే మెక్‌గిన్నెస్ అక్కడ ఆగలేదు. గోడను అలాగే ఉంచి, బంతి దొరకగానే మెరుపులా ముందుకు దూసుకెళ్లే పద్ధతిని దానికి జత చేశాడు. 2012 ఫైనల్లో మేయో మీద మొదటి నిమిషాల్లోనే కార్ల్ లేసీ పొడవుగా ఒక కిక్ కొట్టాడు, మైకేల్ మర్ఫీ డిఫెండర్ తల మీదుగా ఎగిరి అందుకుని తిరిగి గోల్ బాదాడు. పాత కెర్రీ పుస్తకంలోంచి చింపి తెచ్చినట్టుండే గోల్ అది. 2-11తో 0-13 మీద గెలిచి కప్పు పట్టుకెళ్లారు. డిఫెన్స్ జట్టు అని పేరుపడ్డవాళ్లు అంతకంటే సంప్రదాయమైన గోల్ ఏం వేయగలరు?

ఇక నేను ఈ వాదనలో ప్రతిసారీ ముందుకు తెచ్చే మ్యాచ్ 2014 ఫైనల్. డొనెగాల్ సెమీ ఫైనల్లో అజేయంగా కనిపించిన డబ్లిన్‌ను 3-14 కొట్టి పడగొట్టింది. ఫైనల్లో ఎదురుగా కెర్రీ. కెర్రీ మేనేజర్ ఎమన్ ఫిట్జ్‌మారిస్ ఏం చేశాడు? డొనెగాల్ మీద డొనెగాల్ పద్ధతినే ప్రయోగించాడు. మనుషుల్ని వెనక్కి రప్పించాడు, ఓపికగా ఆడించాడు. అవతలి గోల్‌కీపర్ చిన్నగా తన్నిన కిక్‌ఔట్‌ను, అంటే ఆటను మళ్లీ మొదలుపెట్టే తన్నును, కీరన్ డొనహీ దారిలోనే అందుకుని గోల్ వేశాడు. 2-9తో 0-12 మీద కెర్రీ గెలిచింది. అందులో ఏ తప్పూ లేదు, తెలివైన పనే. కానీ ఆ కప్పును ఆనందంగా ఇంటికి తీసుకెళ్లినవాళ్లు 2003 గురించి నీతులు చెప్పే హక్కును ఆ రోజుతోనే వదులుకున్నారని నా అభిప్రాయం.

ఆటను నిజంగా నీరసంగా మార్చింది మాత్రం గోడ ఒక్కటే కాదు, ఆ గోడకు దొరికిన మందు. ఈ సంగతి మీ ఇద్దరు కొలీగ్స్‌లో ఎవరూ ఎత్తడం లేదు. 2014 ఓటమి తర్వాత జిమ్ గావిన్ మేనేజర్‌గా ఉన్న డబ్లిన్ జట్టు కియన్ ఓసల్లివన్‌ను స్వీపర్‌గా, అంటే డిఫెన్స్ వెనక అదనపు కాపలాగా నిలబెట్టింది. ముందు వైపు తొందరపడి తన్నడం మానేసింది. గోడ ముందు బంతిని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో తిప్పుతూ, ఖాయమైన సందు దొరికేవరకు ఆగేది. గోల్‌కీపర్ స్టీఫెన్ క్లక్స్టన్ కిక్‌ఔట్‌ను ఖాళీగా ఉన్న మనిషికి గురి చూసి పంపేవాడు, మిడ్‌ఫీల్డ్‌లో పోటీయే అక్కర్లేదు. 2015 నుంచి 2020 వరకు వరుసగా ఆరు టైటిళ్లు, మొదటి ఐదు గావిన్‌వి. ఆ డబ్లిన్ జట్టు గొప్ప జట్టు, వేగంగా ఆడగలిగినప్పుడు ఎంతో అందంగా ఆడింది. కానీ మిగతా కౌంటీలు దాన్నుంచి నేర్చుకున్నది ఓపికను మాత్రమే. పదిహేను మంది వెనక, పదిహేను మంది ముందు, గోడ ముందు నిమిషాల తరబడి చేతి పాసులు. మా క్లబ్ పిల్లలు కూడా బంతి రాగానే వెనక్కి తిరిగి పాస్ ఇవ్వడం మొదలుపెట్టారు. టీవీలో చూసి నేర్చుకున్నారు, వాళ్లను ఏమనగలం? కెర్రీ ఆయన బాధను నేను సీరియస్‌గా తీసుకున్నది అప్పుడే.

దీనికి మన కబడ్డీలో మంచి పోలిక ఉంది. లీడ్‌లో ఉన్న జట్టు రైడర్ ఊరికే అలా వచ్చి ఎవరినీ తాకకుండా వెళ్లిపోతుంటే ప్రేక్షకులకు విసుగు. ప్రో కబడ్డీలో రైడర్లను ఎవరూ తిట్టలేదు, వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై అని రూల్ పెట్టారు. ఊరికే టైమ్ గడిపితే నష్టం వచ్చేలా చేశారు.

ఈ ఆటను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ కూడా చివరికి ఆ దారికే వచ్చింది. 2024లో జిమ్ గావిన్ అధ్యక్షుడిగా ఒక రివ్యూ కమిటీ వేశారు. గోడను ఓపికతో పగలగొట్టిన మనిషికే ఆ ఓపికను తగ్గించే పని అప్పగించడం సరైన ఎంపిక అని నాకు అనిపించింది, లోపల ఏం జరుగుతుందో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ కమిటీ సూచనలు 2025 సీజన్‌లో అమల్లోకి వచ్చాయి. అందులో మీ వాదనకు సంబంధించినవి మూడు. ప్రతి జట్టూ ఎప్పుడూ కనీసం ముగ్గురిని ప్రత్యర్థి సగంలో ఉంచాలి, కాబట్టి సొంత సగంలో గోల్‌కీపర్‌తో కలిపి పన్నెండు మందికి మించి ఉండలేరు. గోల్‌కు 40 మీటర్ల దూరంలో గీసిన ఆర్క్ (వంపు గీత) బయటి నుంచి తన్ని బార్ దాటిస్తే రెండు పాయింట్లు, కాబట్టి గోడ వెనక్కి వెళ్లి కూర్చుంటే కుదరదు, ముందుకొచ్చి ఆపాలి. కిక్‌ఔట్ ఆ ఆర్క్ దాటి పడాలి, కాబట్టి మిడ్‌ఫీల్డ్‌లో గాల్లో క్యాచ్‌లు తిరిగొచ్చాయి. గోల్‌కీపర్‌కు బంతి వెనక్కి ఇచ్చి టైమ్ గడపడాన్ని కూడా బాగా కట్టడి చేశారు.

ఫలితం కళ్ల ముందే ఉంది. 2024 ఫైనల్లో ఆర్మా గాల్వేను 1-11, 0-13తో ఓడించింది. రెండు జట్లూ కలిపి 27. 2025 ఫైనల్లో కెర్రీ డొనెగాల్‌ను 1-26, 0-19తో ఓడించింది, కలిపి 48. రెండు పాయింట్ల షాట్ల వల్ల అంకె కొంత పెరిగిందన్నది నిజమే, అయినా తేడా అంతకంటే చాలా ఎక్కువ. క్వార్టర్ ఫైనల్లో కెర్రీ అంతకు ముందేడాది చాంపియన్ ఆర్మా మీద 0-32 కొట్టింది. సెమీస్‌లో ఓడించింది ఎవరినో మీ టిరోన్ ఆయనకు బాగా గుర్తుండే ఉంటుంది, అందుకే ఈ మధ్య వాదన ముదిరిందని నా ఊహ. ఫైనల్లో కెర్రీ ఫార్వర్డ్ డేవిడ్ క్లిఫర్డ్ దూరం నుంచి కొట్టిన షాట్లు చూస్తే, ఇలాంటి ఆటగాడిని ఇన్నేళ్లు ముగ్గురి మధ్య ఇరికించి చూశామే అనిపిస్తుంది.

టిరోన్ ఆయన ఇప్పుడు ఇంకో మాట అనవచ్చు: కెర్రీకి నచ్చే ఆట కోసం రూల్స్ మార్చారు, మళ్లీ ఫార్వర్డ్స్ ఎక్కువున్న కౌంటీలకే లాభం అని. ఈ మాటను కొట్టిపారేయకండి. ఈ మొత్తం వాదనలో నన్ను ఆలోచింపజేసేది ఇదొక్కటే. చిన్న కౌంటీకి ఉన్న ఆయుధాన్ని మొద్దుబార్చాం. దానికి బదులు ఏమిచ్చాం? నా జవాబు ఇది: దూరం నుంచి తన్నడం, గాల్లో అందుకోవడం సాధనతో వస్తాయి, ఏ కౌంటీలోనైనా పిల్లలకు నేర్పవచ్చు. మెక్‌గిన్నెస్ డొనెగాల్ కొత్త రూల్స్ మొదటి ఏడాదే ఫైనల్ చేరింది, అంటే ఆలోచించే మేనేజర్‌కు ఇంకా చోటుంది. కానీ ఐదారేళ్లలో టైటిళ్లన్నీ కెర్రీకి, డబ్లిన్‌కే పోతే టిరోన్ ఆయన అన్నదే నిజమని నేను ఒప్పుకుంటాను.

మీరు ఏదో ఒక పక్షం తీసుకోవాల్సిన పనిలేదు. మీ కొలీగ్స్ ఇద్దరినీ కూర్చోబెట్టి 2003 సెమీ ఫైనల్, 2012 ఫైనల్, 2014 ఫైనల్, 2025 ఫైనల్ ఈ వరుసలో చూడండి. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి డిఫెన్స్ ఆకారం సరిగ్గా కనిపించదు, బంతి మీ జట్టు చేతిలోంచి పోయిన క్షణాన ఫార్వర్డ్స్ ఎటు పరిగెత్తుతున్నారో అది మాత్రం గమనించండి. ఇంకా బాగా తెలియాలంటే ఆగస్టు తర్వాత మీ దగ్గరలోని క్లబ్ చాంపియన్‌షిప్ మ్యాచ్‌కు వెళ్లండి, చిన్న మైదానాల్లో గోల్ వెనక నిలబడి చూడనిస్తారు. రెయిన్ జాకెట్ మర్చిపోకండి. ఆర్క్ దగ్గర ఎవరు ముందుకొస్తున్నారు, ఎవరు వెనక్కి జరుగుతున్నారు అన్నది అక్కడి నుంచి పది నిమిషాల్లో తెలిసిపోతుంది.